కొలిచాకే కొనండి: పాత యమహా బళ్ళ మీద మీ ప్రశ్నలు

ఈసారి ఉత్తరాలన్నీ పాత టూ స్ట్రోక్ యమహాల చుట్టూనే తిరిగాయి. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగిపోయినా గోదావరి గట్ల మీద ఆ శబ్దం ఇంకా వినబడుతూనే ఉంది. సామాను దొరకడం కష్టమయ్యేకొద్దీ ఒక బండి సామాను ఇంకో బండికి ఎక్కించడం పెరిగింది. అందులో ఎక్కువగా అడుగుతున్న వాటికి జవాబులు ఇవి.

నాది 1993 మోడల్ ఆర్‌ఎక్స్ 100 అండి. బోరు అరిగిపోయింది. ఎలాగూ విప్పుతున్నాం కదా, ఆర్‌ఎక్స్ 135 బ్లాకూ పిస్టనూ పెట్టేద్దాం, పుల్లింగ్ అదిరిపోద్ది అంటున్నాడు మా మెకానిక్. నిజంగా ఎక్కుద్దాండి? ఏమేం మార్చాలి?
పాలకొల్లు

ఎక్కుతుంది. కాకపోతే అది స్పానర్లతో అయిపోయే పని కాదు, లేత్ షాపుకి వెళ్ళాల్సిన పని.

ముందు లెక్క చూడండి. ఆర్‌ఎక్స్ 100 బోరు, అంటే సిలిండరు లోపలి వ్యాసం, 50 మి.మీ., స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, 50 మి.మీ., అంటే 98 సీసీ. ఆర్‌ఎక్స్ 135కి స్ట్రోకు అదే 50, బోరు మాత్రం 58. అది 132 సీసీ. స్ట్రోకు మారలేదు. పెరిగిన 34 సీసీ అంతా ఆ 8 మి.మీ. లావులోంచే వచ్చింది. చిక్కంతా ఆ లావుతోనే. బ్లాకు అడుగున స్లీవు, అంటే పిస్టన్ తిరిగే గొట్టం, కొంత మేర క్రాంక్‌కేసు (క్రాంకు తిరిగే అడుగు డబ్బా) మూతిలోకి దిగుతుంది. 50 బోరు స్లీవుకి చేసిన మూతిలో 58 బోరు స్లీవు పట్టదు. మూతి పెద్దది చేయించాలి.

అందుకని బ్లాకు కొనే ముందే వెర్నియర్ పట్టుకెళ్ళండి. స్లీవు బయటి వ్యాసం, మీ కేసు మూతి లోపలి వ్యాసం, స్టడ్ల మధ్య దూరం, పిస్టన్ పిన్ను లావు, ఈ నాలుగూ కాగితం మీద రాసుకోండి. పిన్ను లావు మీ కనెక్టింగ్ రాడ్డు చిన్న బేరింగుకి సరిపోకపోతే పని క్రాంకు దాకా పోతుంది, ఖర్చు రెట్టింపవుతుంది. మార్కెట్లో ఒకే పేరుతో నాలుగైదు రకాల తయారీ తిరుగుతోంది కాబట్టి డబ్బా మీద రాసింది నమ్మి డబ్బులివ్వకండి.

మూతి పెద్దది చేసేటప్పుడు హ్యాండ్ గ్రైండరుతో గీకేసే అలవాటు మన దగ్గర చాలా చోట్ల ఉంది. ఒప్పుకోకండి. కేసు రెండు ముక్కలూ విప్పి, బేరింగులు, సీళ్ళు తీసేసి, ఖాళీ ముక్కల్ని డోవెల్ పిన్నులతో సహా మళ్ళీ బిగించి, ఆ జోడీని బోరింగ్ మిషను మీద పెట్టించాలి. అప్పుడే రంధ్రం గుండ్రంగా, నిటారుగా వస్తుంది. స్లీవుకీ మూతికీ మధ్య చుట్టూ పావు మి.మీ. సందు చాలు. కోత అయ్యాక, బేస్ ప్యాకింగ్ కూర్చునే చదును అన్నిచోట్లా కనీసం 4 మి.మీ. వెడల్పు మిగిలిందా అని చూడండి. స్టడ్డు పక్కన పల్చబడితే అక్కడే గాలి పీలుస్తుంది. టూ స్ట్రోక్ ఇంజనుకి క్రాంక్‌కేసులో గాలి లీకు కంటే పెద్ద శత్రువు లేదు. చివరికి కేసు ముక్కల్ని కిరోసిన్‌తో ఒకసారి, సబ్బునీళ్ళతో ఒకసారి కడిగి, గాలి కొట్టి ఆరబెట్టాకే కొత్త బేరింగులు వేయాలి. ఒక్క అల్యూమినియం రజను మిగిలినా బేరింగు పోయినట్టే.

ఇక బరువు. పాత పిస్టను, పిన్ను, రింగులు, క్లిప్పులు అన్నీ కలిపి వంటింటి డిజిటల్ కాటా మీద తూచండి. కొత్తవీ అలాగే తూచండి. క్రాంకు పాత బరువుకి బ్యాలెన్స్ చేసి ఉంటుంది. కొత్త పిస్టను ఎంత బరువు పెరిగితే హ్యాండిల్లోనూ ఫుట్‌రెస్టుల్లోనూ అంత వణుకు వస్తుంది, పెద్ద బేరింగు ఆయుష్షు అంత తగ్గుతుంది.

హెడ్డు కూడా 135దే వేయాలి. బిగించే ముందు సోల్డర్ తీగతో సందు కొలవండి. దాదాపు 2 మి.మీ. లావు తీగ ముక్కలు రెండు తీసుకుని, పిస్టను నెత్తిమీద పిన్ను వరుసలో రెండు అంచులకీ గ్రీజుతో అంటించాలి. పిన్ను వరుసలోనే ఎందుకంటే ఆ దిక్కున పిస్టను పక్కకి ఒరగదు, కొలత నిజమైంది వస్తుంది. హెడ్డు పూర్తి బిగువుకి బిగించి, మాగ్నెటోని (కరెంటు పుట్టించే చక్రాన్ని) చేత్తో ఒక చుట్టు తిప్పి, నలిగిన చివరని కొలవండి. 1 నుంచి 1.2 మి.మీ. ఉంటే చక్కగా ఉన్నట్టు. 0.8 కంటే తగ్గితే పిస్టను హెడ్డుకి కొట్టుకునే ప్రమాదం ఉంది. 1.5 దాటితే మీరు ఆశపడిన పుల్లింగ్ సగం అక్కడే పోతుంది.

క్లచ్ ప్లేట్లు, స్ప్రింగులు కొత్తవి పడాలి, లేకపోతే మూడో గేరులో ఇంజను అరుస్తుంది, బండి కదలదు. కార్బొరేటర్ మెయిన్ జెట్టు (పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రం) మళ్ళీ చూసుకోవాలి. సైలెన్సరు కూడా 135దే పెట్టాలి.

మా సలహా అడిగితే మాత్రం, ఇది చేయకండి. 11 హార్స్‌పవర్, నూరు కిలోల చిల్లర బరువు. ఆ పొందికే ఆర్‌ఎక్స్ 100కి ప్రాణం. కేసు ఒకసారి కోశాక వెనక్కి రాదు. 0.25 లేదా 0.50 మి.మీ. ఓవర్‌సైజు (అంత లావెక్కువ) పిస్టనుతో మంచి బోరు చేయించుకుంటే అదే బండి ఇంకో ఇరవై వేల కిలోమీటర్లు హాయిగా తిరుగుతుంది. పైగా 98 సీసీ అని ఆర్‌సీలో రాసి ఉన్న బండి 132 సీసీగా తిరిగితే అది చట్టం దృష్టిలో మార్పే. ఆ సంగతి చివరి ప్రశ్నలో ఉంది.

అయ్యా, కొత్తగా బోరు చేయించి 0.50 పిస్టన్ వేయించాను. 200 కిలోమీటర్లు తిరిగాక తణుకు నుంచి రావులపాలెం వెళ్తుంటే హైవే మీద బండి పట్టేసింది. మెకానిక్ ఆయిల్ తక్కువైందంటాడు, బోరింగ్ షాపువాళ్ళు కార్బొరేటర్ తప్పంటారు. ఎవరి మాట నమ్మాలండి?
తణుకు

పిస్టన్ మాట నమ్మండి. బయటికి తీసి వెలుతురులో పెట్టుకుని చూస్తే అదే చెబుతుంది.

గీతలు నాలుగు మూలలా, అంటే పిన్ను బొక్కకి రెండు పక్కలా ముందూ వెనకా ఉంటే, బోరు బిగువైందన్నమాట, లేదా ఇంజను వేడెక్కకముందే లాగించారన్నమాట. గాలితో చల్లబడే ఈ సైజు బ్లాకుకి పిస్టన్‌కీ బోరుకీ మధ్య ఒకటిన్నర నుంచి రెండు థౌ (అంగుళంలో వెయ్యోవంతు), అంటే 0.04 నుంచి 0.05 మి.మీ. సందు ఉండాలి. పిస్టన్ ముందు చేతికిచ్చి, దాన్ని కొలిచి బోరు చేయమనాలి. పుస్తకంలో సైజు చూసి చేసేస్తే తయారీ తేడాల దగ్గర దెబ్బ తింటాం. గీతలు సైలెన్సర్ వైపే ఉంటే మిశ్రమం పల్చనై వేడెక్కింది. కార్బొరేటర్ వైపు కూడా గీసుకుపోయి ఉంటే ఆయిలు అందలేదు. రింగు ఒకచోట విరిగి, ఆ ఎత్తులోనే పోర్టు (సిలిండరు గోడలోని కిటికీ) అంచున గాటు ఉంటే, బోరు చేశాక పోర్టు అంచులు మొద్దు చేయడం మరిచారు. బోరు కోసిన ప్రతిసారీ పోర్టు అంచులు కత్తిలా తయారవుతాయి. వాటిని సన్న రాయితో అర మి.మీ. మేర ఒరగదీయాలి.

మీ ఉత్తరంలో హైవే అనే మాట దగ్గర మేం ఆగాం. డెల్టాలో దారి చదును, ఎత్తుపల్లాలు లేవు, కాబట్టి అరగంట సేపు థ్రాటిల్ ఒకేచోట పెట్టి నడుపుతాం. తర్వాత వంతెన ఎక్కే ముందో లారీ అడ్డం వచ్చినప్పుడో ఒక్కసారిగా థ్రాటిల్ మూస్తాం. ఈ ఇంజనులో ఆయిల్ పంపు ఎంత ఆయిల్ ఇవ్వాలో కూడా థ్రాటిల్ తీగే చెబుతుంది. థ్రాటిల్ మూసిన క్షణం ఆయిలూ తగ్గుతుంది, పెట్రోలూ తగ్గుతుంది, ఇంజను మాత్రం అదే వేగంతో గిరగిరా తిరుగుతూ ఉంటుంది. కొత్త బోరు అక్కడే పట్టేస్తుంది. మూసేటప్పుడు క్లచ్ కూడా లాగడం అలవాటు చేసుకోండి.

పెట్రోలు సంగతీ ఉంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసింది. దానికి గాలి పాళ్ళు తగ్గించాలి, లేదా పెట్రోలు పాళ్ళు పెంచాలి. ఇథనాల్ లేని పెట్రోలుకి పెట్టిన జెట్టుతో పోలిస్తే సుమారు 8 శాతం, 10 శాతం ఇథనాల్ నాటి సెట్టింగుతో పోలిస్తే 4 శాతం ఎక్కువ ఇంధనం కావాలి. మెయిన్ జెట్టు ఒకటి, అవసరమైతే రెండు సైజులు పెంచండి. తర్వాత కొత్త ప్లగ్గు పెట్టి, ఖాళీ రోడ్డు మీద టాప్ గేరులో కాసేపు నిండు థ్రాటిల్ ఇచ్చి, క్లచ్ లాగి తాళం ఆపేసి, ప్లగ్గు విప్పి చూడండి. పింగాణీ మొదట్లో గోధుమ రంగు వలయం కనబడితే సరి. తెల్లగా ఉంటే ఇంకా పల్చన. ఈ పరీక్ష మాత్రం కొత్త బోరు మీద చేయకండి, 500 కిలోమీటర్లు దాటాకే.

మళ్ళీ బిగించాక పంపు గొట్టాల్లో గాలి బుడగలు పూర్తిగా తీయించి, మొదటి ట్యాంకు పెట్రోల్లో లీటరుకి 40 మి.లీ. టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్ కలిపి పోయండి. పంపు పనిచేస్తున్నా సరే పోయండి. పొగ ఎక్కువ వస్తుంది, రానివ్వండి. డబ్బా మీద జాసో (జపాన్ నాణ్యతా ప్రమాణం) ఎఫ్‌సీ లేదా ఎఫ్‌డీ అని ఉన్న ఆయిలే కొనండి.

మా ఆర్‌ఎక్స్ 135 తెల్లటి పొగ ఆపకుండా వదులుతోంది. గేరు ఆయిల్ నెలనెలా తగ్గిపోతోంది. కింద ఎక్కడా కారట్లేదు. ఎటు పోతోందండి?
అమలాపురం

ఇంజను తాగేస్తోంది. క్లచ్ వైపు క్రాంకు సీలు పోయింది. పిస్టను పైకి లేచినప్పుడల్లా క్రాంక్‌కేసు గేరు ఆయిల్ని లోపలికి లాక్కుంటోంది. మాగ్నెటో వైపు సీలు పోతే ఇందుకు పూర్తిగా భిన్నం: పొగ రాదు, గాలి పీల్చి ఐడిలింగ్ దానంతటదే పెరిగిపోతుంది, చివరికి పిస్టన్ కరుగుతుంది. రెండూ ఒకేసారి మార్పించండి. మార్చాక కార్బొరేటర్ దారీ సైలెన్సర్ దారీ రబ్బరుతో మూసి, ప్లగ్గు బొక్కలోంచి చేతిపంపుతో 6 పీఎస్‌ఐ గాలి ఎక్కించి చూడండి. ఆరు నిమిషాలు ముల్లు కదలకపోతే ఇంజను గట్టిగా ఉన్నట్టు. ముల్లు దిగితే అతుకుల మీద సబ్బునురుగు రాస్తే బుడగ ఎక్కడుందో కనబడుతుంది. ఏ టూ స్ట్రోక్ ఇంజను విప్పి బిగించినా ఈ పరీక్ష లేకుండా బండి తీసుకోకండి.

సైలెన్సర్ లోపలి జాలీ తీసేసి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా పీకేసి కోన్ ఫిల్టర్ పెడితే స్పీడు పెరుగుద్దా?
భీమవరం

శబ్దం పెరుగుతుంది. టూ స్ట్రోక్ సైలెన్సర్ పొట్ట ఆకారం ఊరికే పెట్టింది కాదు. బయటికి జారిపోతున్న తాజా మిశ్రమాన్ని అలలా వెనక్కి కొట్టి మళ్ళీ సిలిండర్లోకి తోస్తుంది. పొడవు, వాలు మారితే ఆ అల వేళ తప్పుతుంది. కోన్ ఫిల్టర్‌తో మిశ్రమం పల్చనై ఇంజను పట్టేస్తుంది. పైగా చేపల చెరువుల గట్ల మీది దుమ్ము సన్నగా, ఉప్పగా ఉంటుంది. డబ్బాలో ఉన్న స్పాంజిని ఆయిల్లో తడిపి పిండి పెట్టడానికి మించిన ఫిల్టర్ మన నేలకి లేదు.

అంతర్వేది దగ్గర ఉంటామండి. ఉప్పుగాలికి ట్యాంకు లోపలంతా తుప్పు. కార్బొరేటర్ వారానికోసారి మూసుకుపోతోంది. కొత్త ట్యాంకు మంచిది దొరకట్లేదు.
సఖినేటిపల్లి

ట్యాంకులో గొలుసుముక్కలు వేసి ఊపకండి, పల్చబడిన రేకు చిల్లు పడుతుంది. చాకలి సోడాతో కరెంటు పద్ధతి మేలు. పెట్రోల్ ట్యాపు తీసి బొక్క మూసి, ట్యాంకుని సబ్బునీళ్ళతో వాసన పోయేదాకా కడగండి. తర్వాత లీటరు నీటికి పెద్ద చెంచా చొప్పున సోడా కలిపి నిండా పోయండి. మూతి దగ్గర ఒక ఇనుప చువ్వని ట్యాంకుకి తగలకుండా చెక్కముక్కతో నిలబెట్టండి. 12 వోల్టుల చార్జరు నెగటివ్ ట్యాంకుకి, పాజిటివ్ చువ్వకి. తారుమారైతే ట్యాంకే కరిగిపోతుంది. స్టీలు చెంచానో స్టీలు కడ్డీనో వాడొద్దు, నీళ్ళలోకి విషం దిగుతుంది. బుడగలు హైడ్రోజన్, కాబట్టి ఆరుబయట పెట్టండి, దగ్గర బీడీ కూడా వెలిగించొద్దు. చువ్వకి నల్లటి బంక పట్టినప్పుడల్లా గీకుతూ ఒక రోజు ఉంచాలి. కడిగి, వెంటనే ఎండలో ఆరబెట్టి, వంద మి.లీ. టూటీ ఆయిల్ పోసి అన్ని పక్కలా పొర్లించండి. తడి మీద అరగంట వదిలేస్తే తుప్పు మళ్ళీ మొలుస్తుంది.

ఆ తర్వాత ట్యాంకు ఎప్పుడూ నిండుగా ఉంచండి. ఖాళీ జాగాలో తేమ గాలి చేరుతుంది, ఇథనాల్ ఆ తేమని పీల్చి నీటిని అడుగుకి దింపుతుంది.

గోదావరి వరదకి బండి రెండు రోజులు సీటు దాకా నీళ్ళలో ఉండిపోయింది. కిక్కు కొడితే తిరుగుతోంది. స్టార్ట్ చేయొచ్చాండి?
రాజోలు వైపు లంక గ్రామం నుంచి

కిక్కు కొట్టడం వెంటనే ఆపండి. టూ స్ట్రోక్‌లో క్రాంకు బేరింగులకి ఆయిల్ మడుగు ఉండదు, పెట్రోల్లో కలిసి వచ్చే ఆయిలే వాటికి తడి. ఇప్పుడు ఆ బేరింగుల మధ్య ఒండ్రు ఉంది. తిప్పిన ప్రతి చుట్టూ గీత పెడుతుంది.

ట్యాంకు, కార్బొరేటర్, సైలెన్సర్ విప్పి ఖాళీ చేయండి. హెడ్డు, బ్లాకు తీసేయండి. కేసు నోట్లోంచి కిరోసిన్ పోసి, ఇంజన్ని వంచి, బురద రంగు పోయేదాకా కడగండి. రాడ్డుని పైకి లాగి పట్టుకుని నెమ్మదిగా తిప్పితే చేతికి గరగర తగులుతుందా చూడండి. తగిలితే క్రాంకు ప్రెస్సింగ్ షాపుకి పోవాల్సిందే. తగలకపోతే టూటీ ఆయిల్ ధారాళంగా పోసి బిగించండి. గేరు ఆయిల్ పాల టీ రంగులో దిగుతుంది. చవక ఆయిల్ పోసి పది నిమిషాలు నడిపి పారబోసి, తర్వాత మంచిది పోయండి. మాగ్నెటో మూత తీసి కాయిల్ని మంచినీళ్ళతో కడిగి ఎండబెట్టండి. బ్రేకు డ్రమ్ములు విప్పడం మరవకండి. ఎండిన ఒండ్రు షూలని అంటిపెట్టుకుంటుంది.

ఆర్‌ఎక్స్ 100కి ముందు డిస్క్ బ్రేకు పెట్టించాలి. ఏ బండిది సరిపోద్ది?
కాకినాడ

పెట్టేటట్టయితే ఫోర్కు, చక్రం, క్యాలిపర్, మాస్టర్ సిలిండర్ అన్నీ ఒకే బండివి తీసుకోండి. ఒక బండి క్యాలిపర్‌కి ఇంకో బండి మాస్టర్ సిలిండర్ కలిపితే పిస్టన్ల వైశాల్యం పొంతన కుదరదు. లీవరు రాయిలా ఉండి బ్రేకు పడదు, లేదా లీవరు హ్యాండిల్‌కి అంటుకుపోతుంది. స్టీరింగ్ రాడ్డు పొడవు, కప్పుల వ్యాసం కూడా కొలవాలి.

కానీ ముందు ఉన్న డ్రమ్ముని బాగుచేయించి చూడండి. డ్రమ్ము అండాకారం అయితే లేత్ మీద సన్నగా కోయించండి. కొత్త షూలకి సుద్ద రాసి చక్రం తిప్పి బ్రేకు పట్టి, ఎక్కడ సుద్ద చెరిగిందో అక్కడ ఎమరీ కాగితంతో రుద్దుతూ మొత్తం ఆనేలా చేయండి. బ్రేకు పూర్తిగా పట్టినప్పుడు డ్రమ్ము మీది బ్రేకు మీటకీ కేబులుకీ మధ్య కోణం 90 డిగ్రీలు ఉండాలి. చాలా బళ్ళలో అది దాటిపోయి ఉంటుంది, సగం బలం అక్కడే పోతుంది. ఈ పని అయ్యాక డిస్కు ఊసు మానేసిన వాళ్ళే ఎక్కువ.

రాజ్‌దూత్ 350 ఒకటి అమ్మకానికొచ్చింది. హెచ్‌టీ అంటున్నారు. ఎలా గుర్తుపట్టాలండి? ఏం చూసుకోవాలి?
రామచంద్రపురం

యమహా ఆర్‌డీ 350నే ఇక్కడ 1983 నుంచి ఆ పేరుతో చేశారు. 347 సీసీ, రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. మొదట వచ్చింది హెచ్‌టీ (హై టార్క్), 30.5 హార్స్‌పవర్. మైలేజీ కోసం తర్వాత 27కి తగ్గించి తెచ్చింది ఎల్‌టీ (లో టార్క్). ఇన్నేళ్ళలో సామాను అటూఇటూ మారిపోయి ఉంటుంది కాబట్టి పేరు కంటే జత ముఖ్యం. రెండు సిలిండర్లూ ఒకే రకమా, రెండు సైలెన్సర్లూ ఒకే రకమా చూడండి. సైలెన్సర్లు తీయించి, బ్లాకు పై అంచు నుంచి ఎగ్జాస్ట్ పోర్టు ఎంత లోతులో ఉందో రెండు వైపులా కొలవండి. తేడా ఉంటే ఒకటి మార్చిన బ్లాకు, లేదా గీకిన బ్లాకు. రెండు సిలిండర్ల కంప్రెషన్‌కీ మధ్య పది శాతం మించి తేడా ఉంటే బేరం తగ్గించండి. బోరు ఎన్నో ఓవర్‌సైజులో ఉందో అడగండి. అసలు బోరు 64 మి.మీ., ఆఖరి సైజుకి వచ్చేసి ఉంటే మీకు మిగిలేది స్లీవు ఖర్చే. ఈ బండి లేచిన వేగానికి ముందు డ్రమ్ము చాలదు, ఇంజను మీద రూపాయి పెట్టే ముందు బ్రేకుల మీద పెట్టండి.

మా బండి ఆర్‌సీ అయిపోయింది. ఇంజను వేరే బండిది. రెన్యువల్ అవుద్దాండి?
నర్సాపురం

సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు. తర్వాత ఫారం 25 పెట్టి, బండి చూపిస్తే ఐదేసి ఏళ్ళకి పొడిగిస్తారు. అక్కడ ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో పోల్చి చూస్తారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకి భిన్నంగా అనుమతి లేకుండా మార్చకూడదు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కాబట్టి రెన్యువల్‌కి ముందే రవాణా కార్యాలయంలో ఇంజన్ మార్పు నమోదుకి దరఖాస్తు పెట్టండి. ఆ ఇంజను కొన్న బిల్లు, అది ఏ బండిదో ఆ ఆర్‌సీ నకలు చేతిలో ఉండాలి. బిల్లు లేని ఇంజను దొంగ బండిది కాదని మీరు నిరూపించుకోలేరు. అలాంటిది ఎంత చవకగా వచ్చినా కొట్లోనే వదిలేయండి. మీ పాత కేసు, అదే నంబరుతో, ఇంకా అటక మీద ఉంటే దాన్ని బాగుచేయించుకోవడమే అన్నిటికన్నా దగ్గర దారి. పగిలిన కేసుని కూడా అల్యూమినియం వెల్డింగ్ చేసి లేత్ మీద సరిచేయొచ్చు, నంబరు పడిన చోట మాత్రం వేడి తగలనివ్వొద్దని ముందే చెప్పండి.